చెట్టును చంపే వారం ఏది?

హైదరాబాద్‌కు పడమట, మొయినాబాద్ దాటాక మేము ఇల్లు కట్టుకున్న స్థలంలో చెట్టన్నదే లేదు. లేఅవుట్ వేసినవాళ్లు అక్కడున్న తుమ్మలనూ సీతాఫలం పొదలనూ జేసీబీతో పెకలించి, నేల చదును చేసి, హద్దురాళ్లు పాతి అమ్మారు. అక్కడికి తీసుకెళ్లే బీజాపూర్ రోడ్డు మాత్రం మర్రిచెట్లకు పేరు పడ్డ రోడ్డు. చేవెళ్ల మీదుగా సాగే ఆ దారిలో దాదాపు 900 మర్రులు ఉన్నాయని లెక్క. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టాలా వద్దా అన్న పేచీ ఏళ్ల తరబడి నడిచి హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. ఆ నీడలోంచి వచ్చి మా గేటు దగ్గర దిగితే పెనం మీద కాలు పెట్టినట్టు ఉండేది.

ఇంటి పని ముగింపుకు వస్తుండగా తోటలు వేసే కాంట్రాక్టరు ఒకాయన వచ్చి ఫోనులో బొమ్మలు చూపించాడు. ముందు వరసలో ఫాక్స్‌టెయిల్ పామ్‌లు, ప్రహరీ వెంట కోనోకార్పస్, మధ్యలో గులాబీ రంగు పూల టబేబుయా. బొమ్మలో అన్నీ బాగున్నాయి.

"ఇవి ఏప్రిల్‌లో ఎలా ఉంటాయి?" అని అడిగాను.

"డ్రిప్పు పెట్టుకుంటే ఏమీ కాదు సార్" అన్నాడు.

ఏప్రిల్‌లో మా బోరు ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

అదే రోజుల్లో మా అమ్మాయి కూడా ఇదే పనిలో పడింది. వాళ్లు టెక్సాస్‌లో, డల్లాస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటారు. ఎండాకాలంలో అక్కడ కూడా 40 డిగ్రీలు దాటుతుంది. మొదట్లో అందుకే మన చెట్లన్నీ అక్కడ బతుకుతాయని మేమిద్దరం అనుకునేవాళ్లం. 2021 ఫిబ్రవరిలో వచ్చిన చలి ఆ ఊహను చెరిపేసింది. ఆ నెల 16న డల్లాస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో మైనస్ 19 డిగ్రీల దాకా దిగింది. రాష్ట్రమంతటా లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. మా అమ్మాయి కరివేపాకు కుండీని పడకగదిలోకి తెచ్చుకుని దానికీ ఒక దుప్పటి కప్పింది. కరివేపాకు బతికింది. వీధిలో వాళ్లు ముచ్చటపడి పెంచుకున్న తాటిజాతి చెట్లు చాలావరకు పోయాయి.

ఇంటి ముందు ఖాళీ అయిన చోటులో కొత్త చెట్టు పెట్టాల్సి వచ్చినప్పుడు అక్కడి పద్ధతి ఏమిటో నాకు వివరంగా చెప్పింది. అమెరికా వ్యవసాయ శాఖ దేశాన్ని చలి మండలాలుగా విడదీసి పటం వేసింది. నర్సరీలో ప్రతి మొక్క చీటీ మీదా మండలం అంకె ఉంటుంది. వాళ్ల ఊరు 8వ మండలం, అంటే ఏడాదిలో అతి చల్లని రాత్రి మైనస్ 12కూ మైనస్ 7కూ మధ్యలో ఉండే చోటు. అంకె చూసి మొక్క కొనుక్కోవడమే కదా అనిపిస్తుంది. మెలిక ఎక్కడుందంటే, ఆ అంకె 30 ఏళ్ల సగటు. 2023లో వేసిన కొత్త పటం 1991 నుంచి 2020 దాకా ఒక్కో ఏడాది అతి తక్కువ ఉష్ణోగ్రతలను తీసుకుని సగటు కట్టింది. సగటు మైనస్ 12కు పైన ఉన్న ఊళ్లో ఒక రాత్రి మైనస్ 19 వస్తే, సగటును నమ్ముకుని నాటిన చెట్టు ఆ రాత్రి ఏం చేయాలి?

"నాన్నా, ఏడాది మొత్తం ఎలా ఉంటుందో చూడకు. దాన్ని చంపే వారం ఏదో చూడు" అంది.

ఆ మాట నోటుపుస్తకంలో మొదటి పేజీలో రాసుకున్నాను. దాని కింద ఒక్కో చెట్టు పేరూ, దాన్ని చంపే వారమూ రాయడం మొదలుపెట్టాను.

మన దగ్గర చలికి పటం లేదు, అవసరమూ తక్కువే. బేగంపేట వాతావరణ కేంద్రం రికార్డుల్లో హైదరాబాద్ చూసిన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. నీళ్లు గడ్డకట్టే చలి ఈ ఊరికి రాలేదు. అతి ఎక్కువ 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. కాబట్టి మా పుస్తకంలో ఎక్కువ పేర్ల పక్కన పడింది మే నెల చివరి వారమే. అమెరికాలో ఉద్యానవన సంఘం ఒకటి వేడికి కూడా 1997లో పటం వేసింది, 30 డిగ్రీలు దాటే రోజులు ఏడాదికి ఎన్ని అన్న లెక్కతో. ఆ లెక్కన హైదరాబాద్‌ను కొలిస్తే ఎండాకాలం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడం కష్టం.

చలి గురించి చదువుతుంటే ఒక సంగతి ఆశ్చర్యంగా తోచింది. గడ్డకట్టే చలిలో మంచు ముందుగా కణాల మధ్య ఖాళీల్లో కడుతుంది. అది కణాల లోపలి నీటిని బయటకు లాగేస్తుంది. అంటే చలికి చచ్చే చెట్టు కూడా ఎండిపోయే చస్తుంది. మే నెలలో ఇక్కడ జరిగేదీ అదే, దారి వేరు. చలి మెల్లమెల్లగా ముదిరితే అక్కడి చెట్లు కణాల్లో చక్కెరలు కూడబెట్టుకుని తట్టుకుంటాయి. వారం రోజులు వెచ్చగా ఉండి ఒక్కసారిగా పడిపోతే, ఓర్చుకోగల చెట్టు కూడా దెబ్బతింటుంది.

ఇక మా వైపు చలి. నగరం మధ్యలో ఉండేవాళ్లకు ఇది అర్థం కాదు. డిసెంబరులో ఆకాశంలో మబ్బు ఉండదు, గాలిలో తేమ ఉండదు, నేల పగలు తాగిన వేడినంతా రాత్రి పైకి వదిలేస్తుంది. నగరంలో కాంక్రీటు ఆ వేడిని కొంత పట్టి ఉంచుతుంది. మాకు చుట్టూ బీళ్లే. టీవీలో నగరానికి 13 అని చెప్పిన తెల్లవారుజామున మా వరండాలో థర్మామీటరు 9 చూపించిన రోజులు ఉన్నాయి. చల్లగాలి బరువు, పల్లానికి జారుతుంది. మా స్థలంలో ఈశాన్యం మూల పల్లం. ఇంట్లో అందరికంటే ముందు చలి తగిలేది ఆ మూలకే.

ఈ తొమ్మిది డిగ్రీల సంగతి ఇంట్లో పెద్ద చర్చకు దారితీసింది. మా ఆవిడది కోనసీమ. కొబ్బరి చెట్టు లేని ఇంటిని ఆమె ఇల్లుగా లెక్కపెట్టదు. కొబ్బరికి సగటున 27 డిగ్రీల వెచ్చదనమూ, గాలిలో తేమా కావాలనీ, ఇక్కడ డిసెంబరులో చలికి ముడుచుకుని మేలో పొడిగాలికి పిందెలు రాల్చుకుంటుందనీ చదివి వినిపించాను.

"చెట్టు బతుకుతుందా లేదా?" అంది.

"బతుకుతుంది. కాపే అంతంతమాత్రం."

"నేను కాయలు అమ్ముకోవడానికి అడగడం లేదండీ" అంది.

గిన్నెలు కడిగే గట్టు పక్కన, రోజూ నీళ్లు పారే చోట, రెండు గోడల మధ్య వెచ్చగా ఉండే మూలన కొబ్బరి పెట్టాం. పుస్తకంలో ఎంత వాదించినా, ఇల్లన్నాక శాస్త్రానికి ఒకటో రెండో మినహాయింపులు ఉంటాయి. అయితే మినహాయింపును తగిన చోట పెట్టడం కూడా శాస్త్రమే.

కాంట్రాక్టరు జాబితాను 'చంపే వారం ఏది' అన్న ప్రశ్నతో జల్లెడ పడితే వింతగా కోనోకార్పస్ ఒక్కటే పూర్తిగా నెగ్గింది. ఎండకు చావదు, మన చలికి చావదు, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. రోడ్ల మధ్య అది అంతగా వ్యాపించడానికి కారణమూ ఇదే. అయినా జాబితాలోంచి కొట్టేశాను. దాని పుప్పొడి శ్వాస ఇబ్బందులు తెస్తుందన్న ఆందోళన ఉంది, వేర్లు పైపుల్లోకి దూరతాయి, గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్నే నిషేధించింది. బతకడం అన్నది చెట్టుకు మొదటి అర్హత మాత్రమే అని దీన్ని చూశాక అనిపించింది. ఫాక్స్‌టెయిల్ పామ్ మా ఎండకు నిలుస్తుంది కానీ దాని కింద కుర్చీ వేసుకుంటే నెత్తికి సరిపడా నీడ కూడా రాదు. టబేబుయా ఆకు రాల్చి, మోడు మీద పూస్తుంది. ఫొటోకు బాగుంటుంది. ఫొటో తీసుకున్నాక ఎండలో నిలబడాలి.

ఇక్కడే నాకు రెండో ప్రశ్న దొరికింది. నీడ కావలసిన నెలల్లో చెట్టుకు ఆకు ఉంటుందా? మన చెట్లలో చాలావాటికి ఆకు రాల్చే కాలం చలికాలం చివర, ఎండలు మొదలయ్యే ముందు. మోదుగ పూసేటప్పుడు ఆకు ఉండదు. రేల బంగారు గుత్తులతో వేలాడే వేళకు సగం బోడిగా ఉంటుంది. గుల్మొహర్ చిగురు వేసేసరికి ఎండాకాలం సగం గడిచిపోతుంది. కానుగ మాత్రం త్వరగా ఆకు మార్చుకుని ఏప్రిల్ నాటికి నిగనిగలాడే కొత్త ఆకుతో దట్టంగా నిలబడుతుంది. వేపకూ అంతే, మార్చిలో చిగురు. హైదరాబాద్‌లో మధ్యాహ్నం మూడు గంటల ఎండను ఆపాల్సిన పడమటి వైపుకు ఈ రెండింటినీ మించిన చెట్లు నాకు కనబడలేదు. రేలను తూర్పున పెట్టాను. అక్కడ నీడ కంటే అందం ముఖ్యం. చలికాలం పొద్దుటి ఎండ కూడా వరండాలోకి రానిస్తుంది.

కానుగను చాలామంది చిన్నచూపు చూస్తారు. రోడ్డు పక్క చెట్టు, ఆకు నిండా బుడిపెలు, పూత కాలంలో వాకిలంతా చెత్త అంటారు. అన్నీ నిజమే. కానీ దాని తల్లివేరు లోతుకు దిగుతుంది, చిక్కుడు కుటుంబానికి చెందినది కాబట్టి నేలకు నత్రజని కూడా చేరుస్తుంది. వాకిలి ఊడవడం మాకు కొత్త పని కాదు.

చింత నాటాలని నాకు బలంగా ఉండేది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ చెట్టును చూసినవాళ్లు గాలికీ నీటికీ నిలిచే చెట్టు ఏదని మళ్లీ అడగరు. మా 400 గజాల్లో ఇంటిని మినహాయిస్తే మిగిలిన చోటు దానికి చాలదు. రావి, మర్రి కూడా అందుకే వద్దనుకున్నాం. చింతను కాలనీ పార్కులో నాటించాను. నా మనవలకైనా నీడ వస్తుంది.

ఎంపిక అయ్యాక అసలు పని నర్సరీలో మొదలైంది. ఇక్కడి నర్సరీల్లో చాలా మొక్కలు రాజమహేంద్రవరం దగ్గరి కడియం నుంచి లారీల్లో వస్తాయి. గోదావరి ఒండ్రు మట్టి, తేమ గాలి, వెచ్చని రాత్రులు. అక్కడ పెరిగిన లేత మొక్కను నేరుగా తెచ్చి మా మొరం నేలలో, పొడిగాలిలో పాతితే అది బెంబేలెత్తుతుంది. అందుకని "ఇది ఇక్కడికి వచ్చి ఎన్నాళ్లయింది?" అన్నదే నా మొదటి ప్రశ్న. ఒక చలికాలమూ ఒక ఎండాకాలమూ ఇక్కడే గడిపిన మొక్కలు కావాలన్నాను. అవి చూపుకు అంత బాగుండవు, ఆకు చిన్నది, కాండం గరుకు. నర్సరీ యజమాని నిగనిగలాడే పన్నెండడుగుల మొక్కల వైపే నన్ను నడిపించాలని చూశాడు.

"సార్, ఇది పెడితే రేపే చెట్టు."

"సంచి విప్పి వేరు చూపించండి."

ఆయన మొహం కాస్త మాడింది గానీ విప్పాడు. వేర్లు సంచి లోపల గుండ్రంగా చుట్టుకుని చుట్టుకుని మోకు పేనినట్టు తయారయ్యాయి. ఆ చుట్లు నేలలో పెట్టినా విప్పుకోవు. కాండం లావయ్యేకొద్దీ అవే దాన్ని బిగిస్తాయి, ఈదురుగాలికి చెట్టు మొదలంటా కూలుతుంది. నడుమెత్తు మొక్కల్లో వేర్లు ఇంకా సంచి అంచును తాకుతున్నవి ఏరుకున్నాను. కొద్దిగా చుట్టుకున్న వేర్లను నాటే ముందు బ్లేడుతో నిలువునా కోశాను. చిన్న మొక్క వేరు త్వరగా పట్టి, కొన్నేళ్లలో పెద్ద మొక్కను అందుకుంటుంది. ధరలో తేడా చెప్పనక్కరలేదు.

తర్వాత గుంతలు. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు. పైన అడుగో రెండడుగులో ఎర్రమట్టి, దాని కింద మొరం, ఇంకా దిగితే గడ్డపార ఠంగుమంటుంది. మా మేస్త్రీ పడమటి వైపు ఒక గుంత నున్నటి పరుపుబండలోకి తవ్వించి, చక్కగా వచ్చిందని సంబరపడ్డాడు. సాయంత్రం నీళ్లు నింపి వదిలేశాం. పొద్దున చూస్తే నీళ్లు అలాగే ఉన్నాయి. వర్షాకాలంలో అలాంటి గుంతలో వేరు కుళ్లుతుంది, ఎండాకాలంలో వేరు దిగడానికి దారి ఉండదు, రెండు చావులు ఒకే చోట. దాన్ని పూడ్చి, రాయికి పగులు ఉన్న చోట, నీళ్లు రాత్రికి రాత్రే ఇంకిన చోట కానుగ పెట్టాం. ఈ నీళ్ల పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. ఇల్లు కట్టే ప్రతివాడూ బోరు కోసం ఇద్దరు ముగ్గురిని పిలిచి నేల చూపిస్తాడు, చెట్టు కోసం ఒక బకెట్ నీళ్లు పోసి చూడడు.

పల్లపు ఈశాన్యంలో తెల్లమద్ది పెట్టాను. వాగుల ఒడ్డున పెరిగే చెట్టు, వానాకాలం తడికి బెదరదు, అక్కడి చలికీ బెదరలేదు. గేటు పక్కన పొగడ. చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఓపిక లేనివాళ్లు పెట్టకపోవడమే మంచిది.

నాటింది జులైలో, రెండు మంచి వానలు పడ్డాక. వేసవి వచ్చేలోగా వేరు పట్టడానికి ఎనిమిది తొమ్మిది నెలలు దొరుకుతాయి. మా అమ్మాయి అక్టోబరు చివర నాటింది, కారణం అచ్చంగా ఇదే. వాళ్ల చలికాలంలో పైన చెట్టు నిద్రపోతున్నా కింద వేరు పని చేస్తూనే ఉంటుంది. వాళ్ల కాలనీ సంఘానికి అనుమతించిన చెట్ల జాబితా ఒకటి ఉంది. దానిలోంచి 8వ మండలంతో సరిపెట్టుకోకుండా, ఇంకా చల్లని మండలాలకు కూడా తట్టుకునే సెడార్ ఎల్మ్, బర్ ఓక్ ఎంచుకుంది. ఆ రెండూ టెక్సాస్ ఎండను పుట్టుకతో ఎరిగినవి. పెరటి కిటికీ దగ్గర క్రేప్ మర్టిల్ పెట్టింది. ఫోనులో చూసి మా ఆవిడ "ఇది మన చైనా గోరింట కదా" అని పట్టేసింది. వేసవంతా పూసి, చలికి ఆకు రాల్చేసి మోడుగా నిలబడుతుంది. మరీ ముదిరిన చలికి కొమ్మలు పోయినా మొదలు నుంచి మళ్లీ పిలక వేస్తుంది.

మొదటి ఎండాకాలం మొక్కకు రోజూ చెంబెడు నీళ్లు పోయడం మాన్పించడానికి ఇంట్లో కొంత కష్టపడ్డాను. పైపైన తడిపితే వేరు పైపైనే తిరుగుతుంది. వారానికి రెండుసార్లు పాదు నిండా వదిలి లోతుకు ఇంకనివ్వాలి. పాదులో ఎండుగడ్డి, రాలిన ఆకు నాలుగు వేళ్ల మందాన కప్పాం, కాండానికి తగలకుండా. పడమటి ఎండ లేత కాండం బెరడును కాల్చేస్తుంది, అందుకు ఆ వైపు గోనెసంచి తెర కట్టాం. చలికాలం ముందు యూరియా లాంటివి వేయలేదు. అవి లేత చిగురు తెప్పిస్తాయి, చలికి మొదట మాడేది ఆ చిగురే.

వేప నన్ను పుస్తకం తిరగరాసుకునేలా చేసింది. దాని పక్కన "చంపే వారం లేదు" అని రాసుకున్నాను. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు మాడినట్టు అయిపోవడం పత్రికల్లో చదివే ఉన్నాను. మా మొక్కకు వానలు వెనకబట్టాక కొమ్మల చివర్లు గోధుమరంగుకు తిరగడం మొదలైంది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పని అది, చిగురును పీల్చే టీ దోమ తోడైతే ఇంకా వేగం. తేమా చల్లదనమూ కలిసిన రోజులే దానికి అనుకూలం. మే ఎండకు జంకని చెట్టుకు గండం నవంబరులో వచ్చిందన్నమాట. ఎండిన కొనలను పచ్చి కలప తగిలేదాకా కత్తిరించి తగలబెట్టాను, మందు ఒకసారి కొట్టించాను. అంతకంటే ఏమీ చేయలేదు. మార్చిలో ఎండ ముదరగానే ఎర్రటి చిగురు తన్నుకొచ్చింది. ఇప్పుడు ప్రతి ఏడూ ఇదే తంతు, కాకపోతే చెట్టు పెద్దదయ్యేకొద్దీ దెబ్బ తేలికవుతోంది.

కత్తిరించే ముందు గోటితో గీకి చూడడం మా అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. బెరడు కింద పచ్చగా ఉంటే కొమ్మ బతికే ఉంది. 2021 చలి తర్వాత వాళ్ల వీధిలో లైవ్ ఓక్‌ల ఆకంతా మాడిపోతే కొందరు తొందరపడి కొట్టించేశారు. ఆగినవాళ్ల చెట్లు చాలావరకు వసంతంలో చిగురించాయి. ఆ ఓక్‌లను ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కత్తిరించకూడదని అక్కడి అటవీ విభాగం చెబుతుంది, ఓక్ విల్ట్ అనే తెగులు కోత గాయాల గుండా అప్పుడే ఎక్కువగా పాకుతుంది కాబట్టి. మాకు సరిగ్గా తలకిందులు. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో వచ్చే ఈదురుగాలులకు ముందే, ఫిబ్రవరిలో బరువైన కొమ్మలు తేలిక చేసుకోవాలి. పోయిన మేలో అలాంటి గాలికే ఎదురు వీధిలో నిద్రగన్నేరు ఒకటి వేళ్లతో సహా పడిపోయింది. పరుపుబండ మీద పళ్లెంలా పరుచుకున్న వేర్లు, రెండడుగుల లోతు కూడా లేవు. మా కానుగకు రెండు చిన్న కొమ్మలు విరిగాయి.

కానుగ ఇప్పుడు మేడ మీది కిటికీని అందుకుంది, మధ్యాహ్నం పడమటి గదిలో ఫ్యాను చాలుతోంది. రేల ఇంకా పూయలేదు. కొబ్బరి ప్రతి జనవరిలోనూ అలిగి ఏప్రిల్‌లో రాజీకొస్తుంది. వాయవ్యం మూలన ఒక చెట్టుకు చోటు మిగిలింది. దేవకాంచనం పెడదామని నేనూ, మామిడి పెడదామని మా ఆవిడా అంటున్నాం. మామిడి పూతకు చలి రాత్రులు మేలు చేస్తాయి కాబట్టి ఈసారి పుస్తకం కూడా ఆమె వైపే మాట్లాడుతోంది. నీళ్ల పరీక్ష నెగ్గితే జులైలో మామిడే.